కొయ్యబాతు – గుణదోష విచారము

‘దీమము’ అను మాట నేడు మన యిండ్లలో వినబడుట లేదు. తోటి మృగములను గాని పక్షులను గాని ఆశపెట్టి పట్టుటకై వేటకాండ్రు పెంచెడి మృగమునకో పక్షికో అది పేరు. పంజరములోని కౌజు కూయును. ఆ కూత విని, తన పొదకు మరియొక కౌజు వచ్చినదని అడవి కౌజు పోరునకు దిగును; దిగి ఉరిలో చిక్కును. ఆ పంజరములోని పక్షియే దీమము. మచ్చికైన జింకను వదలి అడవి జింకలను పట్టు పద్ధతిని అబుల్ ఫజల్ తన ‘అయినీ అక్బరీ’లో వర్ణించియున్నాడు. మన సీమకు వేట క్రొత్త కాదు. హంపిలోని మహానవమి దిబ్బ రాళ్ళపై వేట దృశ్యములు నేటికిని కనబడుచున్నవి. పెద్దన తన మనుచరిత్రములో స్వరోచి వేటను ఎంతటి ఉత్సాహముతో వర్ణించెనో చదువరులకు తెలిసినదే.

అయినను మన దేశమున దీమము సాధారణముగా ప్రాణమున్నదే. కొయ్యతో చెక్కి, రంగు పూసి, నీటిపై తేల్చి, ఆకాశమున పోవు బాతులను క్రిందికి దింపు విద్య ఉత్తర అమెరికాలో పెరిగినది. అక్కడి ఆదివాసులు ఆ పనిని ఎంత పూర్వకాలముననే ఎరుగుదురో 1924లో వెల్లడియైనది. నెవాడా రాష్ట్రములోని లవ్‌లాక్ గుహలో, తుంగ జాతి గడ్డితో అల్లిన 11 బాతు బొమ్మలు ఆ యేట దొరకెను. వాని వయస్సు సుమారు రెండువేల ఏండ్లని పండితులు నిర్ణయించిరి. తరువాత వచ్చి స్థిరపడినవారు గడ్డికి బదులు కొయ్యను పట్టిరి. 1935లో అక్కడి ప్రభుత్వము నీటిపక్షుల వేటకు ప్రాణమున్న బాతులను దీమములుగా వాడరాదని నిషేధించెను. కొయ్యబొమ్మలను మాత్రము కాదనలేదు. ఈ కొయ్యబొమ్మకు తెలుగున వేరు మాట మాకు దొరకనందున ‘దీమపు బొమ్మ’ అని మేమే పేరు పెట్టుకొంటిమి.

ముప్పది ఏండ్లకు పైగా దస్త్రములు మోసి విరమించిన గుమాస్తాకు ఈ దీమపు బొమ్మతో ఏమి పని యని చదువరులు అడుగవచ్చును. మా అన్నగారి కుమారుడు అమెరికా నుండి తెచ్చిన యొక బొమ్మల పుస్తకమే దీనికి మూలము. అందలి బాతులను చూచి, ఇంత మాత్రము మేము చేయలేమా యని చేతికి ఉలి తీసికొంటిమి. చేయలేమని మూడు నెలలలో తెలిసినది. చేయలేకపోవుటకు కారణమేమో తెలియుటకు మాత్రము మరియొక ఏడాది పట్టినది. ఆ కారణమును చెప్పుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మొదట పని తీరును చెప్పవలెను. అట్టముక్కపై బాతు ప్రక్కరూపమును ఒకటి, మీదినుండి చూచిన రూపమును ఒకటి గీయవలెను. వానిని కొయ్యదుంగపై దింపి, ప్రక్కరూపమును ముందుగా, మీదిరూపమును తరువాత రంపముతో కోయవలెను. తలనుండి తోకవరకు నడిమి గీత యొకటి గీసి, అది చెరిగిన కొలది మరల మరల గీయుచు రావలెను. ఆ గీత పోయినచో కుడి ఎడమల పొంతన పోవును. తరువాత బాడిశతోను ఉలితోను మూలలను గుండ్రించి, ఆకురాయితోను ఉప్పుకాగితముతోను నునుపు చేయవలెను. తలను వేరు ముక్కలో చెక్కి మొండెమునకు అతుకవలెను. అడుగున బరువు బిగించి, నీటిలో నిలువుగా తేలునట్లు చూడవలెను. రంగు చిట్టచివరి పని.

మేము ఎన్నుకొన్నది మన చెరువులలో ఏడాది పొడవునా కనబడు బాతు. దాని ముక్కు నల్లనిది. కొసన పసుపు, మొదట రెండు ఎర్రని చుక్కలు. కిన్నాళ బొమ్మలవారు వాడునట్టి తేలిక కర్ర దుంగ యొకటి సంపాదించితిమి. కొప్పళ జిల్లాలోని ఆ కిన్నాళ మనకు దూరము కాదు. హంపి విరూపాక్షుని గుడిలోని చిత్రములు అక్కడి చిత్రగారుల పూర్వులు వ్రాసినవేనని పెద్దలు చెప్పుదురు. వారు తేలిక కర్రను చెక్కి, ముక్కలు ముక్కలుగా అతికి, చింతగింజల ముద్దతో అతుకులు కప్పి రంగులు వేయుదురు. కృష్ణా తీరపు కొండపల్లిలోను తెల్లపొణికి కర్రతో పని ఇంచుమించు ఇట్లే సాగును. చింతగింజల పిండియు రంపపు పొట్టుయు కలిపిన ముద్దను అక్కడివారు మక్కు అందురు. భాషలు వేరైనను చింతగింజ ఒక్కటే.

మా మొదటి బాతు ముక్కు చెక్కుచుండగనే విరిగెను. అతికితిమి, మరల విరిగెను. మా వీధి చివరనున్న వడ్రంగికి చూపగా ఆయన నవ్వి, “అయ్యా, ముక్కుకు అడ్డంగా నార పోయింది. ఇరగక ఏమయితాది?” అనెను. తలను వేరు ముక్కలో చెక్కుటలోని మర్మము ఇదియే. కర్రలోని నార ముక్కు పొడవున సాగునట్లు ముక్కను త్రిప్పి కోయవలెను. పుస్తకములో ఈ మాట ఉన్నది. మేము బొమ్మలు చూచితిమి గాని మాటలు చదువలేదు. రెండవ బాతు ముక్కు నిలిచినది; కాని నీళ్ళ తొట్టిలో వేసినంతనే ప్రక్కకు ఒరిగి పడెను. మా మనుమరాలు “తాతా, బాతు నిద్రపోతోంది” అని చప్పట్లు కొట్టెను. అడుగున సీసము బిగించిన పిమ్మట అది లేచి నిలిచినది.

మూడవ బాతునకు మేము మిక్కిలి శ్రమపడితిమి. ఒక్కొక్క ఈకను సన్నని కుంచెతో తీర్చితిమి. కన్నులకు గాజుపూసలు పొదిగితిమి. మెడను నిడుపుగా, ఠీవిగా ఎత్తి నిలిపితిమి. పైన మెరుగునూనె పట్టించగా అద్దమువలె తళతళలాడెను. ఇంటికి వచ్చినవారందరును మెచ్చిరి. ఒక మిత్రుడు దానిని గాజుబీరువాలో పెట్టుమని సలహా ఇచ్చెను. మేమును పెట్టి, కొన్నాళ్ళు గర్వించితిమి.

ఆ పిమ్మట ఒక ఉదయము దానిని సంచిలో వేసికొని, ఊరికి దూరముగానున్న యొక చెరువునకు పోయి, దారము కట్టి నీటిపై వదలితిమి. పట్టుటకు గాని కొట్టుటకు గాని కాదు. పక్షి కంటికి మా పని ఎట్లు కనబడునో చూచుటకే. గట్టుపై నలుబది అడుగుల దూరమున కూర్చుంటిమి. రెండుమార్లు బాతుల జంటలు పైనుండి వచ్చి, ఒక చుట్టు తిరిగి, అవతలి ఒడ్డునకు పోయెను. గొఱ్ఱెలు తోలుకొని పోవు వృద్ధుడొకడు మా ప్రక్కన ఆగెను. వయసులో ఉన్నప్పుడు కౌజులు పట్టినవాడట. అది మానివేసి చాల ఏండ్లైనదని తానే చెప్పెను. నీటిపై బొమ్మను కొంతసేపు చూచి ఇట్లనెను: “ఇది బెదురుకున్న పిట్ట సామీ. మెడ ఎత్తుకోని ఉండాది. దీన్ని చూస్తే దిగేది గూడా దిగదు.”

మా మూడు బాతులమీద వచ్చిన విమర్శలలో విమర్శ యనదగినది ఇదొక్కటే. మిగిలినవన్నియు మర్యాదలు.

ఆ వృద్ధుని మాటను ఇంటికి తెచ్చుకొని ఆలోచించితిమి. నీటిపై బాతు మెడ నిక్కించుట ప్రమాదమును చూచినప్పుడు. నిశ్చింతగానున్నప్పుడు అది మెడను కుదించుకొనును. తల భుజముల నడుమకు దిగును. లేదా ముక్కును వీపు ఈకలలో దూర్చి కునుకు తీయును. ఆకాశమున పోవు పక్షికి క్రిందనున్న పక్షి ఈకలు లెక్కకు రావు. కంటిచుట్టు గీత లెక్కకు రాదు. దానికి కావలసినది ఒక్క సమాచారమే: అక్కడ ఉన్నవారు నెమ్మదిగా ఉన్నారా, లేదా? మేము ఠీవి యనుకొని చెక్కినది దానికి భయముగా కనబడినది. మా మెరుగునూనె ఎండలో మెరసి ఆ భయమును రెట్టింపు చేసినది. తడిసిన ఈక సైతము అద్దమువలె మెరయదు గదా.

కావున దీమపు బొమ్మయొక్క గుణదోషములను విచారించుటకు మాకు తోచిన క్రమమిది. మొదటిది నిలుకడ: బొమ్మ భయపడుచున్నదా, కుదుటపడి యున్నదా? రెండవది తేలిక: నీటిపై ఎంత ఎత్తున తేలుచున్నది? చెరువు అంచున మేయు బాతు తోక నీటికి పైన నిలుచును. మునిగి మేయు బాతు తోక నీటికి దగ్గరగా వ్రాలును. జాతి మారినచో తేలు రీతియు మారును. మూడవది రంగు, అందునను చిన్న చిన్న గీతలు కాక, దూరమునుండి కనబడు పెద్ద పెద్ద చాయలు. ఈకల వివరము నాల్గవది. క్రొత్తగా చేయిపెట్టినవారందరును ఈ క్రమమును తలక్రిందులుగా పట్టుదురు. మేమును అట్లే పట్టితిమి. ఈకతో ఆరంభించి నిలుకడకు రాకయే అలసిపోవుదురు. ఈక దిద్దుటకు ఓపిక చాలును. నిలుకడ తెలియుటకు చెరువు గట్టున కూర్చుండవలెను. మొదటిది ఇంటిలో దొరకును, రెండవది దొరకదు.

ఇట్లనుటచేత అలంకారపు పనిని మేము తృణీకరించుట లేదు. మేరీలాండ్ రాష్ట్రములోని క్రిస్‌ఫీల్డ్ పట్టణమున లెమ్ వార్డ్, స్టీవ్ వార్డ్ అను సోదరులు క్షురకవృత్తి చేయుచు, తీరిక సమయములలో కొయ్యబాతులు చెక్కి కీర్తి గడించిరి. వారు మొదట వేటకాండ్రకు పనికివచ్చు బొమ్మలు చేసి, ఉత్తరోత్తరా చూడముచ్చటయైన అలంకార పక్షులవైపు మరలిరి. మసాచుసెట్స్‌కు చెందిన ఎల్మర్ క్రోవెల్ చెక్కిన యొక బాతు 2007లో పది లక్షల డాలర్లకు పైబడి అమ్ముడుపోయినది. ఇప్పుడు అక్కడి పోటీలలో కాల్చిన సూదివంటి పనిముట్టుతో ఈకలోని పోగుపోగును చెక్కుదురు. ఆ నేర్పు సామాన్యమైనది కాదు. కాని ఆ బొమ్మను చూచువాడు మనుష్యుడు. అదియు చేతికందు దూరమునుండి. కిన్నాళ గరుడుని చూచువాడు భక్తుడు. కొండపల్లి అంబారీయేనుగును చూచునది పసిబిడ్డ. ఒక్కొక్క బొమ్మకు ఒక్కొక్క న్యాయాధిపతి కలడు. ఎవరి యెదుట నిలుపుటకు చేసిన బొమ్మయో వారిచేతనే తీర్పు చెప్పించవలెను. పక్షికై చేసిన దానిని గాజుబీరువాలో పెట్టి మనుష్యులచేత మెప్పించుకొనుట, తప్పు కోర్టులో దావా గెలుచుటవంటిది. తీర్పు చేతికి వచ్చును గాని ఆస్తి రాదు.

బళ్లారివారికి ఈ మాటను వేరుగా బోధింప నక్కరలేదు. మన బళ్లారి రాఘవ (1880–1946) రంగస్థలముమీద పద్యమునకు రాగాలాపనలు పెంచుటకంటె భావమునకే పెద్దపీట వేసెనని మన పెద్దలు చెప్పుచుండగా వినియున్నాము. కిరీటము తళుకు ముందువరుసవారికి కనబడును. నిలుచున్న తీరు కడపటి వరుసకును అందును. కొయ్యబాతు సైతము ఒక వేషధారియే. దాని ప్రేక్షకుడు కడపటి వరుసకంటెను దూరమున, ఆకాశమున నుండును.

ఇక ఒక ఆక్షేపణ కలదు, దానిని దాటిపోరాదు. నెమ్మదిని చెక్కి, ఆ నెమ్మదిని చూపి, నమ్మి దిగినదానిని చంపుట ద్రోహము కాదా? నిజమే. మారీచుడు బంగారులేడియైన కథను ప్రతిదినము చదువుకొను మనకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. దీమపు బొమ్మ ఎంత బాగుగా కుదిరిన, ద్రోహము అంత బాగుగా కుదురును. పైగా మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఉన్నది. వల పన్నుటయు, ఎర చూపి పట్టుటయు ఆ చట్టము దృష్టిలో వేటయే. కావున ఈ పని నేర్చుకొనువారు వేటకై నేర్చుకొనరాదు. మేమును అందుకు నేర్పము.

అట్లైన ఎందుకు నేర్చుకొనవలెను? దీనికి సమాధానము అమెరికాలోనే దొరకినది. మేయిన్ రాష్ట్రపు తీరమున ఈస్టర్న్ ఎగ్ రాక్ అను చిన్న దీవి కలదు. అక్కడ పూర్వము పఫిన్ అను సముద్రపక్షులు గూళ్ళు పెట్టుచుండెడివి. పందొమ్మిదవ శతాబ్దమున వేటచేత ఆ దీవిపై అవి అంతరించెను. స్టీఫెన్ క్రెస్ అను శాస్త్రజ్ఞుడు 1973 మొదలుకొని న్యూఫౌండ్‌లాండ్ నుండి పిల్లలను తెచ్చి అక్కడ పెంచి వదలెను. సముద్రముమీదికి పోయిన పక్షులు మరల ఆ దీవికి రావలెను గదా. ఒంటరి రాతిపై దిగుటకు అవి జంకెను. అప్పుడు 1977లో ఆయన కొయ్య పఫిన్‌లను రాళ్ళపై నిలిపించెను. వానిని చూచి నిజమైన పక్షులు దిగెను. 1981లో మరల గూళ్ళు పెట్టెను. జపానులోని తోరిషిమా దీవిలో ఆల్బట్రాస్ పక్షులను క్షేమమైన చోటికి పిలుచుటకును ఇట్టి బొమ్మలనే వాడిరి. విద్య అదే, ఉలి అదే, చెక్కిన నెమ్మదియు అదే. ఒకచోట అది అబద్ధము, మరియొకచోట నిజము. ఏలనగా ఇచ్చట దిగినదానికి తుపాకి ఎదురుకాలేదు, గూడు దొరకినది. బొమ్మ మంచిచెడ్డలు బొమ్మలో లేవు. దాని వెనుక పొదలో ఎవరు కూర్చున్నారను దానిలో ఉన్నవి.

మన సీమయందును పక్షులకు అట్టి చోట్లు లేకపోలేదు. హగరిబొమ్మనహళ్ళి తాలూకాలోని అంకసముద్రము సాగునీటికై త్రవ్విన చెరువు. ఆ తాలూకా మన బళ్లారి జిల్లాలోనే యుండెడిది. 2021లో ఏర్పడిన విజయనగర జిల్లాలో నేడు చేరియున్నది. ఆ చెరువు 2017లో పక్షి సంరక్షణ స్థలమైనది. 2024లో రామ్‌సర్ జాబితాకు ఎక్కినది. ఎఱ్ఱకాళ్ళ కొంగలు మొదలుగా అనేక జాతులు అక్కడి చెట్లపై గూళ్ళు పెట్టును. అక్కడికి బొమ్మలు పట్టుకొని పోనక్కరలేదు; పోరాదు కూడ. కన్నులు పట్టుకొని పోయిన చాలును. నిలుకడ నేర్చుకొనుటకు ఇంతకు మించిన పాఠశాల లేదు.

దీమపు బొమ్మలను నీటిపై పరచువారు పాటించు నియమము మరియొకటి కలదు. బొమ్మలను ఒకదాని నొకటి తాకునట్లు క్రిక్కిరిసి పరువరాదు. నడుమ కొంత నీటిని ఖాళీగా వదలవలెను. గాలికెదురుగా దిగు పక్షికి ఆ ఖాళీయే చోటు. చోటు లేనిచో ఎంత మంచి బొమ్మలున్నను పక్షి పైకి లేచి పోవును. దీనిని చదివినప్పుడు మాకు మా తాతగారి మాట జ్ఞప్తికి వచ్చినది. ఆయన బళ్లారికి వచ్చిన తొలినాళ్ళలో, ఏ వీధిలో కాపురము పెట్టవలెనాయని వెదకుచు తిరిగెనట. ఇండ్ల అందమును గాని బావి నీటిని గాని ఆయన ముందుగా చూడలేదు. సాయంకాలమున అరుగులమీద జనము నెమ్మదిగా కూర్చుండి మాటలాడుకొను వీధిని, పోవువానికి జరిగి చోటిచ్చు అరుగును చూచి అక్కడ దిగెనట. 1953లో ఈ తాలూకా మైసూరునకు చేరిన పిమ్మటను మా కుటుంబము ఆ వీధిని విడువలేదు. కన్నడము మాటలాడు ఇరుగుపొరుగువారు జరిగి చోటిచ్చిరి. మేమును పిమ్మట వచ్చినవారికి జరిగి చోటిచ్చితిమి.

నాల్గవ బాతును మేము ఈ యేడు చెక్కితిమి. మెడ కుదించి, ముక్కును వీపుపై వాల్చితిమి. ఈకలు గీయలేదు, మెరుగు పూయలేదు. అవిసెనూనె పట్టించి మూడు చాయల మట్టిరంగు మాత్రము వేసితిమి. ఇంటికి వచ్చిన మిత్రుడు చూచి, ఇది ఇంకను పూర్తి కాలేదేమి యని అడిగెను. చెరువునకు తీసికొనిపోగా జంట యొకటి రెండు చుట్లు తిరిగి, దానికి కొంత ఎడముగా నీటిలో దిగెను. పావుగంటసేపు మేసి, తమంతట తామే లేచిపోయెను. గొఱ్ఱెల వృద్ధుడు ఆనాడు రాలేదు. వచ్చియుండిన బాగుండునని మేము చాలసేపు గట్టుపై కూర్చుంటిమి.

మన సంఘమునందలి యువకులలో ఎవరైనను ఈ పనికి పూనుకొందురేని, తొలి బొమ్మను మాకు చూపనక్కరలేదు. నీటిపై వదలి, నలుబది అడుగుల దూరమున కూర్చుండి, అది బెదిరి యున్నదా, నెమ్మదిగా ఉన్నదా యని తమ్ముతామే అడుగుకొందురు గాక. ముక్కు విరిగిన, నార వాటము చూడుడు. ప్రక్కకు ఒరిగిన, అడుగున బరువు చూడుడు. పక్షి దిగకున్న మాత్రము ఉలిని క్రింద పెట్టి, కొన్నాళ్ళు చెరువు గట్టున కూర్చుండుడు.